సున్నాల కంచె

నలభై ఏళ్లు నిండిన వన్యప్రాణి పత్రికకి
లెక్కలు కట్టమని నన్ను ఔలు నగరానికి పిలిచారు.
నవంబరు. మూడింటికే చీకటి.
గ్రంథాలయం నేలమాళిగలో
రేడియేటర్ గొణుగుతుంటే
నూట అరవై సంచికలు బల్ల మీద పేర్చుకుని కూర్చున్నాను.
"ఏది పెరిగింది, ఏది తగ్గింది,
ఎవరు ఎవర్ని ఉదహరించారు, అంతే చాలు" అన్నాడు
సంపాదకుడు తోర్స్తి.
"కాకిలెక్కలు మాత్రం వద్దు."

(మూడో సంపుటంలో ఒకాయన నిజంగానే
కాకుల్ని లెక్కపెట్టాడు,
ఊరి చెత్తకుప్ప వెనక, ఇరవై ఆరు ఉదయాలు.)

మొదటి పదేళ్లూ శీర్షికలు ఉత్తరాల్లా ఉండేవి:
ఫలానా చిత్తడి ఒడ్డున, ఫలానా శీతాకాలం, నేను చూసినవి.
రచయిత ఒక్కడే. చివర్లో కృతజ్ఞతలు
పడవ ఇచ్చిన పొరుగాయనకి,
స్కీలు అరువిచ్చిన బావమరిదికి.
తర్వాత మెడపట్టీలొచ్చాయి, రేడియో చప్పుళ్లొచ్చాయి,
చెట్లకి కట్టిన కెమెరాలు,
చెంచాడు నీళ్లలోంచి చేప పేరు చెప్పే యంత్రాలు.
శీర్షికల్లోంచి ఊళ్ల పేర్లు రాలిపోయాయి.
వ్యాసానికి ఇరవై ముగ్గురు రచయితలు,
పెళ్లిపత్రిక కింద చుట్టాల పేర్లలా.
"మంచు" అన్న మాట ఏటేటా చిక్కిపోయి
"మోడల్" అన్న మాట ఒళ్లు చేసింది.

తోడేలుకి రెండువందల పన్నెండు వ్యాసాలు.
చుంచుకి నాలుగు.
చుంచులు కరువైన ఏడు
గుడ్లగూబ గుడ్లు పెట్టదన్న సంగతి
ఆ నాలుగింటిలోనే ఉంది.

గీత గీశాను. పైకెక్కే గీత.
తోర్స్తి మురిసిపోయి దాన్ని గోడకి అంటించాడు.

గీతకి అందనివి అడుగున మిగిలాయి,
సున్నా చుట్టినవి, నూట ఏడు.
వాటిని ఎవరూ ఎక్కడా ఉదహరించలేదు.
అందులో ఒకటి మూడంటే మూడు పేజీలు.
ఇర్మెలి హల్తునెన్ అనే ఆమె
రెండు శీతాకాలాలు
పదకొండు కిలోమీటర్ల రెయిన్‌డీర్ కంచె వెంట నడిచింది
నల్లటి ఈకలు ఏరుతూ.
మెత్సో పక్షి, మగది టర్కీకోడంత ఉంటుంది,
తెల్లవారక ముందే చెట్ల మధ్య దూసుకొచ్చి
కనపడని తీగకి మెడ విరుచుకునేది.
ఎనభై నాలుగు. ఒకే పట్టిక.
చివరి వాక్యం: "తీగ కనిపిస్తే చాలు."
ఆ వాక్యాన్ని ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియలేదు.

శనివారం బస్సెక్కాను,
కంచె ఇంకా ఉందేమో చూద్దామని, అంతే.
దారి చూపింది తైస్తో, కంచెలు బాగుచేసే ముసలాయన.
బుగ్గన పొగాకు. మాట పొదుపు.
మైనస్ ఇరవై రెండు; కనురెప్పలు అతుక్కుంటున్నాయి.
మలుపు తిరగ్గానే వినిపించింది
సన్నగా టింగుమని,
కాసేపాగి ఇంకెక్కడో టింగుమని.
తీగ పొడవునా కాఫీ డబ్బాల మూతలు,
గుండ్రంగా, తుప్పుపట్టి, మూరకొకటి,
చూపు ఆనినంత దూరం సున్నాలే.

"ఆవిడ ఆ కాగితాలు మా వంటింట్లో మర్చిపోయింది" అన్నాడు.
"మా ఇంటిది చదివి వినిపించింది.
ఇంక ఊరంతా కాఫీ తాగింది."
"మరి ఈకలు?" అన్నాను.
"ఏ ఈకలు?" అన్నాడు.

తిరిగొచ్చి పట్టిక తెరిచాను.
ఉదహరింపులు: సున్నా.
పక్కనే ఇంకో గడి గీసి
చచ్చిన పక్షులు: సున్నా, అని రాశాను.
తోర్స్తి తల అడ్డంగా ఊపాడు.
ఒక్క మధ్యాహ్నం నడక. ఒక్క ముసలాయన మాట.
మంచు కింద ఏముందో నువ్వు తవ్వి చూశావా?
నీకన్నా ముందు నక్క వచ్చి ఎత్తుకుపోయిందేమో?
ఆయనన్నదీ నిజమే. గడి చెరిపేశాను.

నివేదిక పదహారో పేజీ అడుగున
చిన్న అక్షరాలతో ఒక్కటి మిగుల్చుకున్నాను:
మంచు కరిగేలోగా మళ్ళీ వెళ్లాలి.
పదకొండు కిలోమీటర్లు. నడిచి.

తోర్స్తి ఎర్ర పెన్ను అక్కడికొచ్చి ఆగింది.
కొట్టెయ్యలేదు.
"నీకు స్కీలున్నాయా?" అని అడిగాడు.